పైకప్పు దాటిన దేవుడు

ఏ పూజకైనా ముందు సంకల్పం చెప్పుకుంటాం. మేరువుకు దక్షిణాన, శ్రీశైలానికి ఫలానా దిక్కున, ఫలానా నదుల నడుమ, సొంత ఇంట్లోనో దేవుడి సన్నిధిలోనో ఉన్నానని పంతులుగారు మనచేత చెప్పిస్తారు. గోత్రనామాలు ఆ తర్వాతే. అంతటా ఉన్నవాడికి మన చిరునామాతో పనేమిటి? ఆయనకు పనిలేదు, మనకే ఉంది. ఎక్కడ నిలబడ్డామో తెలియకుండా చేతులు జోడిస్తే ఆ నమస్కారానికి కాలు ఊనే చోటుండదు. సంకల్పం మాటల్లో చెప్పిన ఈ ఎరుకను ఆలయాలు రాతిలో చెప్పాయి. గోదావరి డెల్టా గుళ్లలో అది మరీ స్పష్టంగా కనిపిస్తుంది.

ధవళేశ్వరం దాటాక గోదావరి పాయలుగా చీలుతుంది. సంప్రదాయం వాటిని ఏడుగా లెక్కపెట్టి ఋషుల పేర్లు పెట్టింది. నేలంతా ఒండ్రు. ఈ ఏటి లంక మరో వరదకు ఉంటుందో ఉండదో ఏరే చెప్పాలి. డెల్టా నడిబొడ్డున తవ్వితే రాయి తగలదు, ఎక్కడినుంచో తెచ్చుకోవలసిందే. దేవుణ్ణి కూర్చోబెట్టడానికి కొండ కూడా లేదు. పాలకొల్లు క్షీరారామానికి తొమ్మిది అంతస్తుల గోపురం లేచిందంటే ఆ లోటు తీర్చడానికే అనిపిస్తుంది. ఎత్తు 120 అడుగులు. చుట్టూ చదునైన వరిచేలు కాబట్టి ఎంతో దూరం నుంచే చేతులెత్తి మొక్కవచ్చు. కొండ లేని సీమలో గోపురమే కొండ.

పంచారామాల కథ తెలిసిందే. తారకాసురుడి కంఠంలోని ఆత్మలింగాన్ని కుమారస్వామి భేదించాడు. అది ఐదు ముక్కలై ఐదు చోట్ల పడింది. అమరావతి కృష్ణ ఒడ్డున ఉంది. మిగిలిన నాలుగూ, అంటే ద్రాక్షారామం, సామర్లకోట, పాలకొల్లు, భీమవరం పక్క గునుపూడి, గోదావరి సీమవే. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఈ కథలో ఎవరూ స్థలం వెతకలేదు, కొలతలు వేయలేదు. ముక్క పడిన చోటే క్షేత్రమైంది. దేవతలు పరుగున వెళ్లి అక్కడే ప్రతిష్ఠ చేశారు. చోటు ముందు వచ్చింది, గుడి దాని వెనకాల వచ్చింది.

సామర్లకోట కుమారారామంలో ఇది కళ్లారా చూడవచ్చు. 892 నుంచి 922 వరకు ఏలిన తూర్పు చాళుక్యరాజు చాళుక్య భీముడి పేరుతో ముడిపడిన ఆలయమిది. గర్భగుడి అంటే చిన్న చీకటి గది, అందులో పీఠం మీద స్వామి. మనకు అలవాటైన లెక్క ఇదే. భీమేశ్వరుడు ఈ లెక్కకు లొంగలేదు. సుమారు 14 అడుగుల లింగం కింది అంతస్తులో మొదలై, పైకప్పు దాటి, మేడ మీద తల చూపుతుంది. కింద పాదభాగానికి మొక్కి, మెట్లెక్కి వెళ్లి శిరోభాగాన్ని దర్శించుకుంటాం. అభిషేకం పైనే జరుగుతుంది. స్వామి పెరుగుతూ పోయి కప్పు దాటాడని భక్తులంటారు. రాజు మొదటే రెండంతస్తులుగా కట్టించాడని చరిత్ర చదివినవారంటారు. ఏది పట్టుకున్నా తేలేది ఒకటే. గదికి సరిపడేలా దేవుణ్ణి తగ్గించలేదు. దేవుడికి సరిపడేలా గదినే తెరిచారు.

గునుపూడి సోమారామంలోనూ రెండంతస్తులే. కింద సోమేశ్వరుడు, ఆయనకు పైన అన్నపూర్ణమ్మ. భర్త తలమీద గంగ ఉందని వింటూ పెరిగిన మనకు అమ్మవారు ఆ పై అంతస్తులో కొలువుండటం వింతగా తోస్తుంది. ఈ లింగం పున్నమికి తెల్లబడి అమావాస్యకు నల్లబడుతుందని భక్తుల విశ్వాసం. ప్రతిష్ఠించినవాడు చంద్రుడు కదా!

ద్రాక్షారామంలో గుడి నదినే పిలిపించుకుంది. భీమేశ్వరుడి అభిషేకానికి సప్తర్షులు గోదావరిని ఏడు పాయలుగా తెచ్చారని స్థలపురాణం. వాళ్లు చేరేలోపే సూర్యుడు తొలి అభిషేకం కానిచ్చేశాడట. తెచ్చిన నీళ్లు వృథా పోలేదు. ఆలయం పక్కన ఉన్న పుష్కరిణి పేరు సప్తగోదావరి. ఊరికి దూరంగా పారే ఏళ్లన్నీ ఒక కోనేటి మెట్ల దగ్గరికి వచ్చి చేరాయి. అందుకే అక్కడ స్నానం అయ్యాకే దర్శనం. నీరు, మెట్టు, ప్రాకారం, మండపం, మాణిక్యాంబ, భీమేశ్వరుడు, ఈ వరసలో ఏ ఒక్కటి తీసేసినా క్షేత్రం కుంటుపడుతుంది.

ఇన్ని గుళ్లు కట్టిన సీమే, గుడి లేకుండా తీర్థం చేయడమూ నేర్చుకుంది. కోనసీమలో మొసలపల్లి దగ్గర జగ్గన్నతోట ఉంది. అది కొబ్బరితోట. గోపురం లేదు, గర్భగుడి లేదు. కనుమ నాడు చుట్టుపక్కల పదకొండు ఊళ్ల శివుళ్లు ప్రభల మీద అక్కడికి వస్తారు. వ్యాఘ్రేశ్వరం, పుల్లేటికుర్రు, ఇరుసుమండ, వక్కలంక, నేదునూరు, ముక్కామల, పాలగుమ్మి... ఒక్కో ఊరి స్వామి ఒక్కో రుద్రుడు. వెదురుతో కట్టి, రంగు బట్టలు చుట్టి, పూలదండలు వేసిన ప్రభ అంటే భుజాల మీద నడిచే గోపురమే. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు కౌశిక పాయలో దిగి, ‘శరభ శరభ’ అంటూ నీళ్లలోంచే గట్టెక్కుతాయి. పచ్చని వరిచేలను తొక్కుకుంటూ పోయినా రైతు కోప్పడడు. ప్రభ నడిచిన చేను పండుతుందని నమ్మకం. 2023 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో మన రాష్ట్ర శకటంగా వెళ్లింది ఈ ప్రభల తీర్థమే. సాయంత్రానికి స్వాములు ఊళ్లకు మళ్లిపోతే మిగిలేది మళ్లీ కొబ్బరితోటే. అయినా అది క్షేత్రం కాదని ఏ కోనసీమ వాడితోనూ అనిపించలేరు.

సామర్లకోటలో కప్పు తెరిస్తే, జగ్గన్నతోటలో కప్పే వద్దన్నారు. రెండుచోట్లా కట్టడం చోటు ముందు తలవంచింది. మరి మనం? పాత రాతిస్తంభాలకు రంగు పూస్తాం. ఎండకు, వానకు శతాబ్దాలు తట్టుకున్న నాపరాళ్లు తీయించి, నున్నటి టైల్స్ పరిపిస్తే అభివృద్ధి అంటాం. ప్రదక్షిణ చేసే కాలికి ఆ తేడా వెంటనే తెలుస్తుంది. దాతల పేర్లు చెక్కిన పలకలు మాత్రం ఏటా పెరుగుతున్నాయి.

కార్తీకంలో ఆర్టీసీ పంచారామ యాత్రకు ప్రత్యేక బస్సులు వేస్తుంది. ఒక్క రోజులో ఐదు క్షేత్రాలు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు అది నిజంగా వరం, తప్పుపట్టనక్కర్లేదు. వీలున్నవాళ్లు మాత్రం మరోసారి ఒక్క ఆరామానికే పూట కేటాయించి చూడండి. ముందు కోనేటి మెట్ల మీద కూర్చోండి. ప్రాకారం వెంట ఒకసారి దేనికీ మొక్కకుండా, ఊరికే చూస్తూ నడవండి. గాలి ఎటునుంచి వస్తోందో, వాననీరు ఎటు పోతుందో, ఏ ద్వారంలోంచి నంది కనబడుతుందో గమనించండి. ఆ తర్వాత లోపలికి వెళ్తే సంకల్పంలో చెప్పే చిరునామా పంతులుగారి వెంట పలికిన మాటగా మిగలదు.

దేవుణ్ణి మన కొలతకు కుదించుకోవడం తేలిక. రోజులో పది నిమిషాలు, ఇంట్లో ఒక అర, కోరికల్లో ఒక చిట్టా, అంతలో ఆయన సర్దుకోవాలనుకుంటాం. ఆ చాళుక్యుల కాలపు శిల్పి రాయి నరికి కప్పులో దారి ఇచ్చాడు. మన ఇష్టాయిష్టాలతో వేసుకున్న కప్పును అలా తెరవడానికి ఎంత సిద్ధపడితే, మన భక్తి అంత.