అవయవము మారినచో అవయవి మారునా?

నర్సీపట్నమునుండి లంబసింగి మీదుగా చింతపల్లి కెక్కు ఘాటుదారిలో నేటికిని తిరుగుచున్న పాత ఫోర్‌వీల్ జీపులలో, రేడియేటరు ప్రక్కన, కూలెంటు నిలుచుటకై ఒక ప్లాస్టిక్ డబ్బా యుండును. ఇంజను కాగినకొలది వ్యాకోచించిన కూలెంటు రేడియేటరు మూతలోని స్ప్రింగును త్రోసికొని, సన్నని రబ్బరు గొట్టముగుండ ఈ డబ్బాలోనికి చేరును. బండి చల్లారినపుడు లోపల నేర్పడిన శూన్యము ఆ ద్రవమునే మరల పీల్చుకొనును. డబ్బా అడుగున బీటవారినచో ద్రవమునకు బదులు గాలి లోనికి పోవును. రేడియేటరులోని మట్టము దినదినమును తగ్గి, తుదకొక యెత్తుమీద ఇంజను ఉడికిపోవును.

అట్టి డబ్బా నొకదానిని మెకానిక్ షెడ్డులో విప్పగా చేతికి తీసికొని చూచితిని. తెలుపు పోయి పసుపు తిరిగినది. లోపలి మట్టము బయటికి కనబడనంతగా మసకబారినది. అతుకువెంట వెండ్రుకవంటి బీట, దాని పొడవున ఎండి పేరుకొనిన పచ్చని పొర. బొటనవ్రేలితో నొక్కగా బీట నోరు తెరచినది. పాలిప్రొపిలీను జిగురును గట్టిగా పట్టదు గనుక క్రొత్తది వేయక తప్పదు. రెండు బోల్టులు, ఒక గొట్టము, ఒక క్లిప్పు: పని స్వల్పమే, ప్రశ్న మాత్రము స్వల్పము కాదు.

ఆంధ్రుడైన అన్నంభట్టు పదునేడవ శతాబ్దమున తన తర్కసంగ్రహమునకు తానే రచించిన దీపికలో, ఆవమునందు కాలుచున్న కుండను గూర్చిన వివాదమును ప్రస్తావించినాడు. అగ్నిచే కుండ పరమాణువులుగా విడిపోయి, వాని రంగు మారి, మరల క్రొత్త కుండ పుట్టునని వైశేషికులు. కుండ కుండగనే యుండి రంగు మార్చుకొనునని నైయాయికులు. మన డబ్బా విషయమున నా మనస్సు వైశేషికులవైపే మొగ్గును. ఏండ్లతరబడి వేడియు ప్రాణవాయువును దాని దీర్ఘాణుశృంఖలములను త్రెంచుచునే యున్నవి. మన కంటికి బీట కనబడునప్పటికి, లోపలి నాశము ఎన్నడో సాగిపోయినది.

ఇక బండి మాట. వస్త్రమునుండి ఒక్క నూలుపోగును లాగివేసినను పాత వస్త్రము నశించి ఖండపటము క్రొత్తగా పుట్టునని ఉభయులును అంగీకరింతురు. ఆ లెక్కను డబ్బా విప్పిన క్షణమున నొక బండి నశించినది, క్రొత్తది బిగించిన క్షణమున మరియొకటి పుట్టినది. "ఇది ఆ బండియే" యను ప్రత్యభిజ్ఞ, మారుచున్న దీపజ్వాలను అదే జ్వాల యనుకొనుటవలె, సాజాత్యమువలన కలిగినది. తర్కముగ నిది నిర్దుష్టమని ఒప్పుకొందును. కాని పాత డబ్బా కారుచుండగా ఇంజను ఒకమారు మితిమీరి కాగినదనుకొందము. అల్యూమినియము హెడ్డు కొంచెము వంగినది, గాస్కెట్టు సడలినది. నేడు డబ్బా క్రొత్తదైనంత మాత్రమున ఆ వంపు చక్కబడునా? పుట్టినది నూతనవాహనమే యైనచో, నశించిన బండి అనుభవించిన వేడికి ఈ బండి యేల ఫల మనుభవింపవలెను? నా దృష్టిలో అభేదమునకు సాక్ష్యము ద్రవ్యము కాదు, ఫలము. నిన్నటి ఉపేక్ష నేటి దేహమున ఎచట పండుచున్నదో అచటనే "అదియే యిది" యను మాటకు అర్థము కలదు. మనుష్యుని విషయమునను ఆత్మ నిత్యమా కాదా యను వాదము తెగకపోయినను, కర్మ వెన్నంటి వచ్చుటను మాత్రము ఎవ్వడును త్రోసిపుచ్చజాలడు. అంతమాత్రముచేతనే వాడు నిన్నటివాడని లోకము వానిని నిలదీయుచున్నది, అది న్యాయమే.

కావున పాత బండి గలవారు డబ్బా మార్పించి తృప్తిపడి పోవలదు. ఇంజను పూర్తిగా చల్లారిన పిమ్మటనే రేడియేటరు మూత విప్పి లోపలి మట్టము చూడుడు. డిప్‌స్టిక్కు తీసి, ఆయిలులో తెల్లని నురుగు కలిసినదేమో పరిశీలింపుడు. ఆ తరువాతనే ఘాటు ఎక్కుడు.