ఎవరును మాటలాడని భాష

మనుష్యులు తీరిక వేళలయందు చేయు పనులు అనేకములు. ఒకడు తపాలా బిళ్లలు కూర్చును; మరియొకడు పూల మొక్కలు పెంచును; ఇంకొకడు వీణ సాధన చేయును. వీటిని ఎవరును తప్పుపట్టరు. అయితే లోకములో కొందరికి ఒక వింతయైన వేడుక కలదు. ఏ దేశస్థులును మాటలాడని ఒక భాషను వారు తమంతట తామే కల్పించుకొందురు. దానికి శబ్దములు పుట్టించి, విభక్తులను, కాలములను, సంధులను నియమించి, నిఘంటువు వ్రాసికొని, సంవత్సరముల తరబడి దిద్దుకొనుచుందురు. ఆ భాషలో వారికి బదులు చెప్పువాడు ఒక్కడును ఉండడు. ఇది తగిన పనియేనా? దేవుడిచ్చిన కాలమును ఇట్లు వెచ్చింపవచ్చునా? చదువుకొనిన యౌవనస్థులలో ఈ వేడుక గలవారు లేకపోలేదు గనుక ఈ ప్రశ్నను నిదానముగా ఆలోచించుట మంచిది.

ఇది వెర్రి యని త్రోసివేయక ముందు మన యిండ్లలోని పిల్లలను చూడుడి. పెద్దలకు తెలియకుండ మాటలాడుకొనవలెనని తెలుగు పిల్లలు ‘క’ భాష ఆడుకొందురు. ప్రతి అక్షరమునకు ముందు ‘క’ చేర్చి, ‘రామ’ అనుటకు ‘కరాకమ’ అందురు. అందులో ఒక నియమమున్నది, ఒక రహస్యమున్నది, చాలినంత నవ్వున్నది. 2015లో వెలువడిన బాహుబలి చలనచిత్రములో కాలకేయులు పలికిన కిలికి భాషయు కల్పింపబడినదే. తమిళ గీతరచయిత మదన్ కార్కీ దానిని కూర్చెను. కాని సినిమా కొరకు చేసినదానికి చూచువారున్నారు, ప్రతిఫలమున్నది. మన ప్రశ్న ఏ ఫలమును కోరక, గదిలో దీపము ముందు ఒంటరిగా కూర్చుండి చేయువానిని గూర్చినది.

దీనికి అడ్డుచెప్పు విశ్వాసులు మూడు లేఖనములను చూపుదురు. పనికిమాలిన మాటల కొరకు సైతము తీర్పునాడు ఉత్తరవాదులమగుదుమని ప్రభువు హెచ్చరించెను గదా; ఎవరికిని అర్థముకాని మాటకంటె పనికిమాలినది ఏది? తెలియని భాషలో వేలకొలది పలుకులకంటె సంఘమునకు బోధపడు అయిదు మాటలే మేలని పౌలు కొరింథీయులకు వ్రాసెను గదా. భాషలు తారుమారగుట బాబెలునొద్ద కలిగిన శిక్ష గదా. ఉన్నవి చాలవని మరియొకటి చేర్చుటేల? ఈ మూడును తేలికగా కొట్టివేయదగినవి కావు.

మొదటిదానికి సందర్భమును చదువుడి. ప్రభువు ఆ మాట చెప్పినది ఆయన స్వస్థపరచిన కార్యమును దయ్యముల అధిపతికి అంటగట్టిన పరిసయ్యులతో. హృదయములోని విషము నోట వెలువడుటను ఆయన గద్దించెను గాని, ఒకడు ఎవరికిని హానిచేయక శబ్దములతో ఆడుకొనుటను కాదు. ఇక పౌలు వ్రాసినది సంఘము కూడిన వేళను గూర్చి. వినువానికి క్షేమము కలుగవలెనన్నది అక్కడి ధర్మము. అర్థము చెప్పువాడు లేనియెడల తనతోను దేవునితోను మాటలాడుకొనుమని అదే అధ్యాయములో ఆయన చోటు విడిచెను. ఆయన చెప్పినది ఆత్మ వరమును గూర్చి యనియు, మన కల్పనలను గూర్చి కాదనియు ఎరుగుదుము. అయినను సంఘములో వర్తించు నియమమును ఒంటరి గదిలోనికి ఈడ్చుకొనిపోరాదని దానివలన నేర్చుకొనవచ్చును. మూడవదియైన బాబెలు మాట బరువైనది. దానియొద్దకు తరువాత వచ్చెదము.

ఆదికాండము రెండవ అధ్యాయమును తెరువుడి. దేవుడు జంతువులను పక్షులను ఆదామునొద్దకు తెచ్చి, అతడు వాటికి ఏ పేరు పెట్టునో చూడగోరెను. పేర్లు దేవుడే చెప్పి అప్పగించలేదు. సృష్టికర్త ప్రక్కన నిలిచి, తాను చేసిన నరుడు మాటను పుట్టించుచుండగా చూచుచుండెను. ఆ వేళకు హవ్వ ఇంకను నిర్మింపబడలేదు. ఆ మాటలు వినుటకు మరియొక మనుష్యుడు లేడు. కాబట్టి శబ్దమును కల్పించి దానిని ఒక వస్తువునకు ముడివేయుటలోని ఆనందము పతనమునకు ముందే, పొరుగువాడు కలుగకముందే, నరునికి అనుగ్రహింపబడినది. క్రొత్త మాటను చేయువాడు తెలిసియో తెలియకయో ఆ ఏదెను పనినే చేయుచున్నాడు.

ఈ ఆనందమును పరిశుద్ధముగా ఎరిగినవారు సంఘ చరిత్రలో కలరు. జర్మనీలో రైను నదీతీరమున బింగెన్ మఠమునకు పెద్దయైన హిల్డెగార్డ్ (1098–1179) గీతములను, వైద్య గ్రంథములను, దర్శన గ్రంథములను రచించుటతోకూడ ఒక తెలియని భాషను కల్పించెను. దానికి ఇరువదిమూడు అక్షరములు, ఇంచుమించు వేయి మాటలు. ఆమె పట్టిక దేవునితోను దూతలతోను ఆరంభమై, మనుష్యులు, బంధుత్వములు, దేహపు అవయవములు, పనిముట్లు, చెట్లు, పక్షుల మీదుగా చిన్న పురుగుల వరకు దిగివచ్చును. సృష్టి యంతటిని మరల ఒకసారి పేరుపెట్టి పిలిచినట్లున్నది. దానిని దేనికొరకు చేసెనో పండితులు నేటికిని వాదించుచున్నారు.

మన కాలమునకు దగ్గరివాడు ఆక్స్‌ఫర్డు పండితుడైన టోల్కీన్ (1892–1973). బాల్యమునుండియు భాషలు కల్పించుకొనిన ఈయన 1931లో ఒక ఉపన్యాసములో తన వేడుకను బయటపెట్టి, దానికి రహస్య వ్యసనమని పేరుపెట్టెను. అందులో ఒక సైనికుని సంగతి చెప్పెను. యుద్ధ శిక్షణ శిబిరములో, తడిసి మురికియైన డేరాలో, విసుగు పుట్టించు ప్రసంగము జరుగుచుండగా, ప్రక్కనున్న చిన్నపాటి మనుష్యుడు తనలో తాను గొణుగుకొనెనట: ద్వితీయా విభక్తిని పదమునకు ముందు చేర్చెదనని! మన తెలుగులో ‘ని’, ‘ను’ ప్రత్యయములు పదము చివర వచ్చును. అతడు వాటిని ముందు పెట్ట నిశ్చయించుకొనెను. చావు ఎదుట నిలువబోవు సిపాయి ఆ తీర్మానములో ఎంత ఊరట పొందెనో చూడుడి. దానివలన ఎవనికి నష్టము కలిగెను?

టోల్కీన్ ఫిన్లాండు దేశపు భాషను చూచి ముచ్చటపడి క్వెన్యా అను భాషను నిర్మించెను. తన ప్రసిద్ధమైన కథలు ఆ భాషలకు ఒక లోకమును కల్పించుటకే పుట్టినవని ఆయన చెప్పెను. విశ్వాసియైన ఆయన ప్రభువు నేర్పిన ప్రార్థనను సహితము క్వెన్యాలోనికి మార్చెను. ఆ వ్రాతప్రతి ఆయన మరణించిన చాలకాలమునకు 2002లో అచ్చుపడెను. అందొక విశేషమున్నది. ఇంగ్లీషువారికి ‘మన’ అనుటకును ‘మా’ అనుటకును ఒకటే మాట. వినువానిని కలుపుకొని ‘మన’ అనుటకు, వినువానిని వేరుచేసి ‘మా’ అనుటకు తెలుగువారమైన మనకు భేదమున్నది. టోల్కీన్ తన క్వెన్యాకు ఈ భేదమును కల్పించెను. కాబట్టి తండ్రిని పిలుచు తొలి పదమునొద్దనే ఆయన నిలిచి నిర్ణయింపవలసివచ్చెను. ఎవరితో మాటలాడుచున్నామో ఆ దేవుని మన గుంపులో చేర్చుకొని ‘మన’ అనుట తగదు గనుక ఆయన ‘మా’ అను అర్థమిచ్చు ప్రత్యయమునే ఎన్నుకొనెను. మన తెలుగు విశ్వాసులు ఇన్ని తరములుగా ఆలోచింపకయే పలుకు ‘మా’లో ఇంత భక్తి యున్నదని, ఎవరును మాటలాడని ఒక భాష మనకు చూపుచున్నది. ఇది వ్యర్థమైన పనియా?

ఇప్పుడు బాబెలును గూర్చి చూతము. షీనారు మైదానములో వారు చేసిన పాపము మాటలు కల్పించుట కాదు. తమకు పేరు సంపాదించుకొనగోరుట. భాష కల్పించువానికి పొంచియున్న శోధన ఇదియే. ష్లెయర్ అను జర్మను దేశపు కథోలిక గురువు, ఒక నిద్రలేని రాత్రి దేవుడే తనకు ఆజ్ఞాపించెనని నమ్మి, సర్వలోకమునకు ఒకే భాష కావలెనని 1879లో వోలాప్యూక్ అను భాషను ప్రకటించెను. పది సంవత్సరములలో అది దేశదేశములకు ప్రాకెను. వందలకొలది సంఘములు లేచెను. 1889లో పారిస్‌లో జరిగిన మహాసభలో ఆ భాషలోనే మాటలాడుకొనిరి. అయితే దాని కష్టములను సడలించుదమని అనుచరులు కోరినప్పుడు, కడపటి మాట తనదే కావలెనని ఆయన పట్టుపట్టెను. ఆ జగడములో కొలది కాలములోనే ఆ గొప్ప కట్టడము కూలిపోయెను. ఆయన భక్తిని మనము శంకింపనక్కరలేదు. భక్తిగలవాడును తన చేతిపనిని గుప్పిట పట్టి చంపివేయగలడని మాత్రము గ్రహింతము.

అదే కాలములో పోలండు ప్రాంతపు బియాలిస్టాక్ పట్టణములో పుట్టిన జామెన్‌హోఫ్ అను యూదుడుండెను. రష్యనులు, పోలులు, జర్మనులు, యూదులు ఒకరినొకరు ద్వేషించుచున్న వీధులలో పెరిగి, అందరికి చెందిన ఒక భాష యుండినయెడల మేలని తలంచెను. 1887లో, యౌవనుడైన కంటివైద్యునిగా, వార్సాలో చిన్న పుస్తకము అచ్చువేయించెను. దానిపై తన పేరు లేదు. ‘నిరీక్షించువాడు’ అను అర్థముగల ఎస్పెరాంటో అను మారుపేరున్నది. అందులోనే ఆ భాషపై తన హక్కులన్నిటిని వదలుకొని, దానిని లోకమునకు విడిచెను. ఆ మారుపేరే భాషకు పేరాయెను. అది లోకమునకు సమాధానము తేలేదు. ఆయన ముగ్గురు బిడ్డలును నాజీల చేతిలో నశించిరి. భాష ఒక్కటైనంత మాత్రమున హృదయములు ఒక్కటి కావు. పెంతెకొస్తు దినమున దేవుడును ఒకే భాష నియ్యలేదు. ఎవరి భాషలో వారికి వినిపించెను. అయినను విడిచిపెట్టబడిన ఆ భాష నేటికిని మాటలాడబడుచున్నది. పాత నిబంధన యంతటిని దానిలోనికి మార్చిన పని జామెన్‌హోఫ్ చనిపోవుటకు రెండేండ్ల ముందు, 1915లో, ముగించెను.

మరల ఏదెనుకు పోదము. పేర్లు పెట్టుట ముగిసిన వెంటనే లేఖనము ఆదామునకు సాటియైన సహాయము కనబడలేదని చెప్పుచున్నది. ఇన్ని మాటలు కలిగియు అతడు ఒంటరివాడు. ఆ పని మంచిదే గాని చాలినది కాదు. ఆదాము పలికినట్లు లేఖనములో వ్రాయబడిన మొదటి వాక్యము హవ్వను చూచి సంతోషముతో పలికినది. పేర్లు పెట్టుటలో తెరువబడిన నోరు మరియొక ప్రాణిని కలిసికొనుటలో తన గమ్యమును చేరెను.

మన దేశములో ఇట్టి గమ్యమును చేరినవారిలో గిడుగు రామమూర్తి పంతులు (1863–1940) ఒకరు. ఆయన భాషను కల్పించలేదు. పర్లాకిమిడి చుట్టుప్రక్కల కొండలలో సవరలు మాటలాడు భాషకు లిపి లేదని, వ్యాకరణము లేదని చూచి, వారిని తన యింటికి పిలిచి, వారి కొండలకు పోయి, ఒక్కొక్క మాటను విని వ్రాసికొనెను. మన్యపు జ్వరమునకు వాడిన క్వినైను వలన ఆయన వినికిడి పోయెను. అయినను పని మానలేదు. టోల్కీన్ తన వ్యసనమును బయటపెట్టిన 1931లోనే పంతులుగారి సవర వ్యాకరణము అచ్చుపడెను. తనకు నచ్చిన శబ్దమును ఏరుకొనుట ఒక ఆనందము. ఇతరుని నోటిలోనిది ఉన్నదున్నట్లు విని గౌరవించుట ప్రేమ. మొదటిది తప్పు కాదు. అది రెండవదానికి చెవిని సిద్ధపరచినయెడల ఇంకను మేలు.

కాబట్టి ఈ వేడుకగల యౌవనుడా, నీ పుస్తకమును కాల్చివేయుమని నేను చెప్పను. మూడు ప్రశ్నలు మాత్రము నిన్ను నీవే వేసికొనుము. తలిదండ్రులకు, చదువునకు, ప్రార్థనకు చెందిన గడియలను ఇది దొంగిలించుచున్నదా? దీనిని ఎవరును ఎన్నడును మెచ్చుకొనకపోయినను నీవు సంతోషముగా చేయగలవా? ఒక విభక్తి కొరకు వారములు శ్రమపడిన తరువాత, మీ యవ్వ మాటలలోని సొగసు, పొలము పనికి వచ్చు కోయవాని పలుకు, నీ చెవికి మునుపటికంటె ఇంపుగా నున్నదా? వీటికి నీవు నిర్భయముగా ఉత్తరమియ్యగలిగినయెడల, దేవుడు ఆదాము ప్రక్కన నిలిచినట్లు నీ ప్రక్కనను నిలిచి, ఏమి పేరు పెట్టుదువో చూచుచున్నాడని నమ్ముము. పుస్తకము మూసినపిమ్మట ఇంటిలో ఎవరు మేలుకొనియున్నారో చూచి, వారియొద్దకు పోయి, వారి భాషలో నాలుగు మాటలు మాటలాడుము.