ముద్రిత శోకము

మన ఇండ్లలో చావుకబురు తెచ్చిన కార్డును చదివిన వెంటనే చింపివేయుట ఆచారము. శుభలేఖకు పసుపు పూసి దేవుని యెదుట నుంచుదుము. దీనిని గడప దాటనీయము. మా బళ్లారిలో అట్టి కార్డును ఒక వంక తెలుగున, ఒక వంక కన్నడమున అచ్చువేయింతురు. గుమాస్తానగుటచే ఇరుగుపొరుగువారికి వానిపై చిరునామాలు వ్రాసిపెట్టుట నా వంతయ్యెను. వ్రాయునపుడెల్ల నొక సందేహము: ఈ జాబితాలో పేరు లేనివాని దుఃఖమునకు చోటెక్కడ?

ఆంగ్ల నౌకాసేనాని నెల్సను అంత్యక్రియల వృత్తాంతము చదివినపుడు ఆ సందేహము మరల మేల్కొన్నది. 1805 అక్టోబరు 21న ట్రఫాల్గరు యుద్ధమున ఆయన మరణించెను. దేహము చెడకుండ బ్రాందీ పీపాలో నుంచి స్వదేశమునకు చేర్చిరి. 1806 జనవరి 9న లండనులోని సెయింట్ పాల్ దేవాలయమున ఖననము. లోనికి పోవుటకు అచ్చువేసిన టిక్కెట్టు కావలెను. ఎవరి వెనుక ఎవరు నడువవలెనో రాజలాంఛనాధికారులు నిర్ణయించిరి. తోడబుట్టిన అన్న విలియం ఉండగా, ప్రధాన శోకార్తుని స్థానము ఎనుబదియేండ్లు దాటిన నౌకాసేనాని సర్ పీటర్ పార్కరుకు దక్కెను. మనలో కర్తను రక్తసంబంధము నిర్ణయించును. అచట హోదా నిర్ణయించినది.

ఎమ్మా హామిల్టనుకు ఆహ్వానమే లేదు. వారి బిడ్డ హొరేషియాకు అప్పటికి అయిదేండ్లు నిండలేదు. యుద్ధమునకు ముందు వ్రాసిన కాగితమున నెల్సను ఆ యిద్దరిని దేశమునకు అప్పగించెను; దేశము మన్నింపలేదు. ఎమ్మా 1815లో కాలే పట్టణమున దారిద్ర్యముతో మరణించినది. ఆమె ధర్మపత్ని కాదు, నిజమే. పిలువనివారిని నేను తప్పుపట్టజాలను. కాని కార్డు రానంత మాత్రమున కన్నీరు ఆగునా?

ఆ యుద్ధమున హతులైన బ్రిటిషువారు సుమారు 450 మంది. వారిలో అనేకులకు సముద్రమే సమాధి. టిక్కెట్టు లేదు, ఊరేగింపు లేదు.

అయినను ఆనాడొక విశేషము జరిగెను. గుండ్లదెబ్బలకు తూట్లుపడిన విక్టరీ నౌక జెండాను పేటికతో పాటు సమాధిలో నుంచవలెనని ఏర్పాటు. తీరా సమయమునకు నావికులు దానిలో పెద్దముక్కను చించి తమలో పంచుకొనిరి. ఏ అధికారి వ్రాసిన క్రమములోను ఆ పని లేదు. ఆ పీలికలు కొన్ని నేటికిని ప్రదర్శనశాలలలో భద్రముగ నున్నవి.

మా తల్లి పోయినపుడు జాబితా నేనే వ్రాసితిని. నన్ను ఎత్తుకొని పెంచిన పనిమనిషి పేరు అందులో లేదు. ఆమెకు చదువు రాదుగదా యని నాకు నేనే చెప్పుకొన్న సమాధానము. పదమూడవనాడు ఆమె దొడ్డివాకిట నిలిచి, అమ్మగారు కట్టిన చీరలో చిన్నముక్క యిమ్మని అడిగినది. చీర మొత్తము ఇచ్చితిని. లోన పంక్తిభోజనములు జరుగుచున్నవి; లోనికి రమ్మనవలెనని మాత్రము నాకు తోచలేదు.