గుడి పక్కన పింఛను ఫారం

అమ్మలూ,

రాత్రి రెండింటికి నువ్వు వాట్సాప్‌లో పంపిన నీ లాప్‌టాప్ ఫొటో పొద్దున్నే చూశాను. నల్లటి తెర, కింద గాజుపలకలా మెరిసే పట్టీ, పైమూలన సన్నటి అంకెల గడియారం. చాలా బాగుంది. మావయ్య మొహమాటానికి అంటున్నాడనుకోకు. రంగుకి రంగు కుదిరింది. అక్షరాలు ఇరుక్కోలేదు. నీకు కన్నుంది.

చదువు మానేసి తెరకి రంగులేసుకుంటోందని ఇంట్లో నిన్ను దెప్పారట. ఆ మాట నేనొప్పుకోను. రోజుకి ఎనిమిది, పది గంటలు నీ చూపు నిలిచే చోటు అది. దాన్ని ఇంపుగా పెట్టుకోవాలనిపించడం మంచి బుద్ధే. పైగా ఏ ఫైల్లో ఏ మాట మారిస్తే ఆ పట్టీ ఎటు జరుగుతుందో వెతుక్కుంటూనే నువ్వు లినక్సు నేర్చుకున్నావు. క్లాసులో అంత శ్రద్ధగా నేర్చుకుని ఉండవు. కాబట్టి మానెయ్యమని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. దసరా సెలవుల్లో జరిగిన ఒక సంగతి నీకు ఎవరూ చెప్పలేదు. మీ అమ్మ చెప్పదు. అందుకని నేను చెబుతున్నాను.

సెలవులకి వచ్చినప్పుడు ఒక రాత్రి అమ్మ జిరాక్స్ కొట్లో కూర్చుని ఆమె కంప్యూటర్ని కొత్తగా తీర్చిదిద్దావు. పొద్దున అమ్మ లేచేసరికి తెర నిండా లంబసింగి పొగమంచు. అమ్మని ఆశ్చర్యపరుద్దామనుకున్నావు. నీ ప్రేమలో ఏ లోపమూ లేదు. నువ్వు మధ్యాహ్నం బస్సుకి విశాఖ వెళ్లిపోయావు. మర్నాడు పొద్దున తొమ్మిదింటికి నాకు ఫోనొచ్చింది. "అన్నయ్యా, మిషన్‌లో ఫైళ్లన్నీ పోయాయి" అంటోంది. గొంతు వణుకుతోంది.

వెళ్లి చూద్దును కదా, కొట్టు ముందు నలుగురున్నారు. ముందున్నాయన చింతపల్లి వైపు నుంచి కొండ దిగి వచ్చిన పెద్దాయన. చేతిలో ప్లాస్టిక్ కవరు, కవర్లో ఆధార్ కార్డు. "బస్సెల్లిపోద్దమ్మా" అంటున్నాడు, మెల్లగానే. ఆ బస్సు తప్పితే తరవాతది ఎప్పుడో ఆయనకి తెలుసు, మీ అమ్మకీ తెలుసు.

ఫైళ్లేవీ పోలేదు. తెర శుభ్రంగా కనబడాలని ఐకాన్లని దాచేశావు. ఖాళీలో కుడి బటన్ నొక్కి, వ్యూలో టిక్కు పెట్టగానే అన్నీ వచ్చేశాయి. అయినా మీ అమ్మకి పని నడవలేదు. ఎందుకో ఆ రోజే నాకూ తెలిసింది.

పాత తెర మీద ఏ బొమ్మ ఉండేదో గుర్తుందా? బలిఘట్టం గుడి, వరాహ ఏరు. ఏరు ఉత్తరంగా పారే ఆ చోట ఎవరో తీసిన మామూలు ఫొటో. నీకు పాతబడి, మసకగా అనిపించి ఉంటుంది. మీ అమ్మకి అది పటం. "పింఛను ఫారం గుడి పక్కన పెట్టుకున్నానన్నయ్యా. ఆదాయం సర్టిఫికెట్టు దరఖాస్తు చెట్టు కింద. అద్దె అగ్రిమెంట్లు ఒడ్డు మీద. పాతవన్నీ ఏట్లో" అని చెప్పింది. పాతవంటే తెలుసా? 2022 ఏప్రిల్ 4 న కొత్త జిల్లాలొచ్చి మన నర్సీపట్నం అనకాపల్లి జిల్లాలోకి, చింతపల్లి అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి. అప్పటి వరకూ విశాఖపట్నం జిల్లా అని పైన రాసుకున్న ఫారాలన్నిటినీ పారెయ్యకుండా ఏటి నీళ్ల మీదకి లాగి పెట్టింది. ఎప్పుడైనా ఎవరికైనా పాత కాగితం చూడాల్సి వస్తుందని.

నువ్వు చేసినదేమిటంటే, ఐకాన్లు పేర్ల వరసలో వాటంతటవే సర్దుకునేలా పెట్టావు. ఇంగ్లీషు పేర్లవి ముందు చేరాయి, తెలుగు పేర్లవి అన్నీ అడుక్కి పోయాయి. గుడీ లేదు, చెట్టూ లేదు. వెనక తెల్లటి మంచు, ముందు తెల్లటి అక్షరాలు. యాభై రెండేళ్ల కళ్లు ఒక్కో పేరూ కూడబలుక్కోవాలి. కింది పట్టీ కూడా దానంతటదే దాక్కుంటోంది. బాణం గుర్తు అంచుకి తీసుకెళ్తే తప్ప పైకి రాదని మీ అమ్మకి ఎలా తెలుస్తుంది?

పెద్దాయనకి ఆ బస్సు దొరకలేదు. సాయంత్రం దాకా అరుగు మీద కూర్చున్నాడు. మీ అమ్మ ఆయనకి అన్నం పెట్టింది. నీ మీద మాత్రం ఒక్క మాట అననివ్వలేదు. "పిల్ల ముచ్చటపడి చేసిందన్నయ్యా, దానికి చెప్పకు" అంది.

చెబుతున్నాను, ఎందుకంటే నువ్వు ఈ చదువుతో రేపు లక్షల మంది తెరలు తీర్చే పనిలోకే వెళ్తావు.

మీరు డెస్క్‌టాప్ అనేది అసలు రాతబల్ల పైభాగమేనని నీకు తెలిసే ఉంటుంది. కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో జిరాక్స్ కంపెనీ పరిశోధన కేంద్రంలో 1970లలో ఆ ఆలోచన రూపుకట్టింది. మీ అమ్మ కొట్టు బోర్డు మీద ఉన్నది ఆ కంపెనీ పేరే. 1981 లో వాళ్లు స్టార్ అనే యంత్రం అమ్మకానికి తెచ్చారు. తెర మీద కాగితం బొమ్మ, ఫోల్డరు బొమ్మ, వచ్చిన ఉత్తరాల ట్రే బొమ్మ. ఆఫీసులో గుమాస్తా తన బల్ల మీద ఏది ఎక్కడ పెట్టాడో చూడకుండానే చెప్పగలడు, తెర మీదా అలాగే ఉండాలని వాళ్ల తపన. అంటే మీ అమ్మ పింఛను ఫారాన్ని గుడి పక్కన పెట్టుకోవడం తెలియనితనం కాదమ్మా. ఆ యంత్రాన్ని కనిపెట్టినవాళ్లు ఎలా వాడాలనుకున్నారో అలాగే వాడుతోంది.

లినక్సు డెస్క్‌టాప్‌లలో ఒకటైన కేడీఈ ఎలా పుట్టిందో చూడు. 1996 లో జర్మనీలోని టూబింగెన్‌లో మాథియాస్ ఎట్రిక్ అనే విద్యార్థికి ఒక చికాకు. ఒక్కో ప్రోగ్రాముది ఒక్కో వాలకం, ఒక్కో తీరు. ఒకటి నేర్చుకుంటే ఇంకోదానికి పనికిరాదు. అన్నీ ఒకేలా కనబడాలి, ఒకేలా పనిచెయ్యాలని పదిమందినీ పిలిచాడు. 2011 లో ఇంకో లినక్సు డెస్క్‌టాప్, గ్నోమ్, మూడో వెర్షన్ వచ్చి పాత పట్టీలు, మెనూలు తీసేసినప్పుడు ఎంత గొడవైందో నీకు నాకంటే బాగా తెలుసు. ఆ అలవాటు వదులుకోలేని వాళ్లు పాత కోడ్‌ని పట్టుకుని మాటే అని ఇంకొకటి నిలబెట్టుకున్నారు. వాళ్లంతా కంప్యూటర్లో ఆరితేరినవాళ్లు. వాళ్లకే అలవాటైన చోటు మారితే ఊపిరాడలేదు.

టైపు ఇనిస్టిట్యూట్ నడిపిన రోజుల్లో ఇది నేను కళ్లారా చూశాను. లోయరు పరీక్షకి తయారయ్యే పిల్లలకి మొదటి నెలంతా ఒకటే పాఠం: చూపు కాగితం మీద, వేళ్లు మిషన్ మీద. మూడో నెలకి వేళ్లకి దారి తెలిసేది. అప్పుడు 'ప' ఎక్కడుందని అడిగితే పిల్లలు చెప్పలేకపోయేవాళ్లు, టైపు చేసి చూపించేవాళ్లు. మీ అమ్మ కూడా నా దగ్గరే నేర్చుకుంది. ఆమె చేతికి అలా తెలిసిన దారినే నువ్వు ఒక్క రాత్రిలో తవ్వేశావు.

కంప్యూటర్లో సెట్టింగ్స్ అనే మాటకి తెలుగు చేసినవాళ్లు అమరికలు అన్నారు. తెలుగు వికీపీడియాలో ప్రిఫరెన్సెస్ అన్నచోట అభిరుచులు అని ఉంటుంది. రెండూ మంచి మాటలు. రెండింటికీ ఉన్న తేడా గుర్తుపెట్టుకో. అభిరుచి నీది. నీ లాప్‌టాప్ మీద ఏ రంగైనా వేసుకో, ఎవరూ అడగరు. అమరిక అన్నది చేసే పనిని బట్టీ, చేసే మనిషి చేతిని బట్టీ, కంటిని బట్టీ ఉంటుంది. ఇంకొకరి తెర ముట్టుకున్నప్పుడు నీ అభిరుచిని బయటే వదిలి వెళ్లు.

ఇప్పుడు నీ యంత్రం గురించి నాలుగు మాటలు. ఒకేసారి పది మార్చకు. ఒకటి మార్చి రెండు రోజులు పని చేసి చూడు. మార్చిన ప్రతిదీ ఒక నోటుపుస్తకంలో రాసుకో, తేదీ వేసి. గ్నోమ్ ఏడాదికి రెండుసార్లు, మార్చిలో, సెప్టెంబరులో కొత్తది వస్తుంది. నువ్వు తగిలించుకున్న ఎక్స్‌టెన్షన్లు దానితో పడక ఆగిపోయినప్పుడు ఆ పుస్తకమే నీకు దిక్కు. కొత్త ప్రయోగాలకి వేరే యూజర్ అకౌంట్ పెట్టుకుంటే పరీక్షల ముందు రాత్రి ఏడవాల్సిన పని ఉండదు.

థీమ్ అంటే ఉత్త రంగులేనని నమ్మకు. 2024 మార్చిలో కేడీఈ వాళ్ల సొంత స్టోర్ నుంచి ఒకాయన ఒక గ్లోబల్ థీమ్ దించుకుంటే, అందులోని కోడ్ ఆయన ఫైళ్లన్నీ చెరిపేసింది. అలాంటి థీములు ప్రోగ్రాములని కూడా నడపగలవు. ఎవరు చేశారో, ఎంతమంది వాడారో చూడకుండా దించుకోకు. నీ ప్రాజెక్టు, నోట్సు ఇంకోచోట కాపీ లేకుండా అసలు మొదలుపెట్టకు. డెస్క్‌టాప్ మీద పెట్టినవి సాధారణంగా సిస్టం ఉన్న చోటే ఉంటాయి, ఫార్మాట్ చేస్తే అవీ పోతాయి. అమ్మ ఫారాలన్నీ అలా తెర మీదే ఉన్నాయని ఆ రోజు చూసి, నేనే ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి బీరువాలో పెట్టాను.

ఇంకోటి నిన్ను అడగాలి. నీ తెర అంతా తిప్పి తిప్పి చూశాను, ఒక్క తెలుగక్షరం లేదు. నీకు తెలుగు రాక కాదు, అలా పెట్టుకోవచ్చని ఎవరూ చెప్పకపోయి ఉంటారు. యూనికోడ్‌లో తెలుగుకి 1991 లో మొదటి వెర్షన్ నుంచే చోటుంది. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది, విండోస్ 7 తో వాణి, ఎనిమిదితో నిర్మల. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు పోతన, వేమన ఫాంట్లు చేసి ఉచితంగా ఇచ్చారు. మండలి, రామభద్ర, సూరన్న, గిడుగు, పెద్దన, ఇవన్నీ ఇవాళ ఎవరైనా డబ్బు కట్టకుండా దించుకోవచ్చు. అను ఫాంట్లలో కంపోజ్ చేసిన మావంటి డీటీపీ వాళ్లకి ఆ బాధ తెలుసు. ఆ ఫాంటు లేని మిషన్‌లో ఫైలు తెరిస్తే తెలుగు పోయి పిచ్చి గుర్తులు మిగిలేవి. ఆ గోడు నీ తరానికి లేదు.

తెలుగు పెట్టి చూసేటప్పుడు మన ఊరి పేరు టైపు చెయ్యి: నర్సీపట్నం. ట కింద నావత్తు పూర్తిగా కనబడుతోందా? విండో నెత్తిన ఉండే పట్టీలో, ఫైలు పేర్ల వరసలో ఆ వత్తు సగానికి తెగితే ఆ అమరిక తెలుగుకి సరిపోనట్టే. మన అక్షరానికి పైన గుడులూ కింద వత్తులూ ఉంటాయి. ఇంగ్లీషుకి సరిపోయే ఎత్తు మనకి చాలదు. సైజు నూట ఇరవై ఐదు శాతానికి పెంచి చూడు. 'రాష్ట్రం', 'స్త్రీ' అని కూడా రాసి చూడు. నువ్వు చేసే థీముల్లో ఈ చిన్న పరీక్ష పెట్టుకుంటే ఎంతమంది కళ్లకి మేలు చేస్తావో!

హైదరాబాదులో స్వేచ్ఛ వాళ్లు, ఇంకా ఎందరో స్వచ్ఛందంగా లినక్సు మెనూలని తెలుగులోకి తెచ్చారు. జీతం లేని పని. రాత్రుళ్లు కూర్చుని ఒక్కో మాటా ఎంచుకున్నారు. కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా కొత్త మాటలొస్తాయి, వాటిని తెలుగు చేసేవాళ్లు లేకపోతే మెనూ సగం తెలుగు, సగం ఇంగ్లీషుగా మిగిలిపోతుంది. నీకు లినక్సూ వచ్చు, మన కొట్టు ముందు నిలబడేవాళ్ల మాటా వచ్చు. ఈ రెండూ ఉన్నవాళ్లు తక్కువ. వారానికి ఒక్క గంట ఆ పనికి ఇవ్వు తల్లీ.

అమ్మ మిషన్‌లో బలిఘట్టం గుడి మళ్లీ పెట్టేశాం. ఫారాలన్నీ ఆమే తన చేత్తో ఒక్కోటి లాగి పెట్టుకుంది. మార్చాల్సినవి నిజంగానే ఉన్నాయి. అక్షరాలు చిన్నవి, బాణం గుర్తు కనబడదు, సాయంత్రానికి ఆమె కళ్లు ఎర్రబడుతున్నాయి. అవి నువ్వే చెయ్యాలి, నాకన్నా బాగా చేస్తావు. సంక్రాంతికి వచ్చినప్పుడు ముందు ఒక పూట ఏదీ ముట్టుకోకుండా అమ్మ పక్కన స్టూలేసుకుని కూర్చో. ఆమె చెయ్యి ఎటు వెళ్తోందో, ఎక్కడ ఆగుతోందో చూడు. తరవాత అడిగి, ఒక్కోటి మార్చు. మౌసు మాత్రం అమ్మ చేతిలోనే ఉండనీ.