గొడ్ల సావిట్లో కార్తీక ముహూర్తం

గోదావరి జిల్లాల్లో రైతు ఇంట పెళ్ళికి పాత లెక్క మాఘమాసం. సంక్రాంతి నాటికి ధాన్యం ఇంటికి చేరుతుంది, పురి కట్టేస్తారు, బాకీలు పోగా మిగిలిన డబ్బు చేతిలో ఆడుతుంది. అప్పుడు పురోహితుడుగారికి కబురు వెళ్తుంది. అది కుదరకపోతే వైశాఖం. పిల్లలకు సెలవులు, ఇంట్లో మామిడిపళ్ళు, చుట్టాలు పది రోజులున్నా ఎవరికీ బరువు కాదు. కార్తీకంలో ముహూర్తాలు లేకపోలేదు కానీ, పంట చేలో నిలబడి ఉండగా పందిరి వేయడానికి పెద్దవాళ్ళకు మనసొప్పేది కాదు. తుపాన్ల కాలం కూడా అదే. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద పడ్డ తుపానులో వెయ్యి మందికి పైగా పోయారు, కొబ్బరిచెట్లు లక్షల్లో కూలాయి. ఆ రాత్రి చూసినవాళ్ళు నవంబరులో శుభకార్యమంటే ఇప్పటికీ ఓసారి ఆకాశం వంక చూసి గానీ మాట ఇవ్వరు.

ఆ ఇళ్ళ పిల్లలే అమెరికాలో ఇప్పుడు ఏరికోరి అక్టోబరు, నవంబరుల్లో పెళ్ళి పెట్టుకుంటున్నారు. మేపుల్ ఆకులు ఎర్రబడాలి, శనివారం అయి ఉండాలి, ముహూర్తం పగటిపూట పడాలి. హోటలు హాలు వద్దు, ఊరి బయట బార్న్ కావాలి. అమలాపురం దగ్గరి పల్లె నుంచి మనవరాలి పెళ్ళికని వచ్చిన ఓ మామ్మగారు పెన్సిల్వేనియాలో కారు దిగి, ఎదురుగా ఉన్న ఎర్ర కట్టడాన్ని ఎగాదిగా చూసి, నా మెడలో కెమెరా ఉంది కాబట్టి నేను జవాబుదారీనని అనుకున్నారో ఏమో, నన్నే నిలదీశారు: "ఏం నాయనా, ఇది గొడ్ల సావిడి కాదూ? మా పెళ్ళికి మా మావగారు సావిడి అవుపడకుండా అడ్డంగా తడికలు కట్టించారండీ. దీనికి అద్దె కూడానా?" అద్దె ఎంతో చెప్పే ధైర్యం అక్కడున్న ఎవరికీ లేకపోయింది.

రాజమండ్రిలో కెమెరా పట్టడం నేర్చుకుని, అమెరికా తూర్పు తీరంలో తెలుగువాళ్ళ పెళ్ళిళ్ళు తీస్తున్నవాణ్ణి నేను. మన సంఘం సంచికలో విలువల గురించి రాయమన్నారు. విలువల మీద ఉపన్యాసం నాకు చేతకాదు. ఫొటోలో ఏది మిగులుతోంది, ఏది జారిపోతోంది అన్నది మాత్రం చెప్పగలను.

ముందు బార్న్ తరఫున రెండు మాటలు. పెన్సిల్వేనియాకు వలస వచ్చిన జర్మన్ రైతులు కట్టుకున్న పాత బార్న్‌ను నిదానంగా చూడండి. గుట్ట వాలుకు ఆనించి కట్టారు. కింది అంతస్తు పశువులకు. గుట్ట వైపు నుంచి బండి నేరుగా పై అంతస్తులోకి వచ్చేస్తుంది. అక్కడ నడుమ కళ్లం, అటూ ఇటూ గడ్డి నిలవ చేసే అరలు. కళ్లానికి ఎదురెదురుగా తలుపులు పెట్టింది గాలి కోసం. తూర్పారబట్టేటప్పుడు పొట్టు ఎగిరిపోవాలి కదా! ఇప్పుడు మన మండపం వేస్తున్నది సరిగ్గా ఆ నడుమనే. కళ్లంలోకి చెప్పులతో అడుగు పెట్టనివ్వని ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళం. ధాన్యం రాశి పోసిన నేల మీద తలంబ్రాలు పోసుకోవడానికి మొహమాటం దేనికి? పైగా ఆ బార్న్‌ను నిలబెట్టింది చుట్టుపక్కల రైతులంతా కలిసి. దూలాలు ముందే చెక్కి పెట్టుకుని, అందరూ ఒకరోజు వచ్చి ఎత్తి నిలబెట్టేవారు. లాంకాస్టర్ కౌంటీ ఆమిష్ కుటుంబాలు ఇప్పటికీ అలాగే చేస్తాయి. మన ఊళ్ళో నవధాన్యాల మూట కట్టి పందిరి రాట పాతితే, తాటాకులు ఎవరు తేవాలో, కొబ్బరి మట్టలు ఎవరు అల్లాలో ఒకరు చెప్పాల్సిన పని ఉండేది కాదు.

అద్దెకు తీసుకున్న బార్న్‌కు ఆ కలిసి ఎత్తడం ఒక్కటే రాదు. మిగతావన్నీ ప్యాకేజీలో ఉంటాయి.

ఇక నా పనిలో తిప్పలు. పాతబడ్డ చెక్క వెలుతురును తాగేస్తుంది. హోటల్లో అయితే తెల్లటి సీలింగుకు ఫ్లాష్ కొడితే వెలుతురు మెత్తగా తిరిగొస్తుంది. బార్న్‌లో కప్పు ఎత్తు, నల్లటి దూలాలు, తిరిగొచ్చిన కాస్త వెలుతురుకూ చెక్క రంగు అంటుకుని వస్తుంది. వేలాడదీసిన నారింజ రంగు బల్బులకు తెల్లటి మధుపర్కాలు పసుపు తిరుగుతాయి, పసుపు రాసిన ముఖాలు రాగి చెంబుల్లా మెరుస్తాయి. నా ఉపాయం పాతదే. ఎదురెదురు తలుపులు రెండూ బార్లా తెరిపిస్తాను. మండపాన్ని గోడకు ఆనించకుండా ఆ తలుపుల వరసలోకి జరిపిస్తాను. పొట్టు పోవడానికి పెట్టిన దారిలోనే వెలుతురు పక్క నుంచి వచ్చి ముఖాల మీద పడుతుంది. రాజమండ్రిలో దామెర్ల రామారావు చిత్రశాలకు వెళ్ళి ఆయన బొమ్మల ముందు నిలబడితే, ముఖం మీద వెలుతురు ఎంత మెత్తగా ఉండాలో తెలుస్తుంది. ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే, 1925లో పోయాడాయన. ఆ మెత్తదనం ఏ ఫ్లాష్‌తోనూ నాకు రాలేదు.

హోమం మరో పేచీ. చెక్క కట్టడంలో నిప్పు కూడదని చాలా బార్న్‌ల నియమం. దీనికి మనవాళ్ళు మొహం ముడుచుకోవడం నాకు వింత. తాటాకిళ్ళు తగలబడిన వేసవులు మన పల్లెలకు తెలియనివా? గడ్డిమేటు పక్కన చుట్ట కాలిస్తే ఊరుకునేవారా? హోమగుండం ఆరుబయట గచ్చు మీద పెట్టించండి. మండువా లోగిళ్ళలోనూ కప్పు లేని మండువాలోంచే కదా పొగ ఆకాశంలోకి పోయేది. ఫొటోకీ అదే మేలు. కాకపోతే నవంబరు మొదటి ఆదివారం గడియారాలు గంట వెనక్కి వెళ్తాయి, ఆ తర్వాత అక్కడ సాయంత్రం అయిదు గంటల ప్రాంతానికే పొద్దు కుంకుతుంది. కార్యక్రమం రాసుకునేటప్పుడు ఈ గంటను మరిచిపోయినవాళ్ళ ఆల్బంలో మేపుల్ చెట్లన్నీ నల్లగా వస్తాయి.

తలుపు దగ్గర అలంకారానికి పేర్చిన గుమ్మడికాయలను చూసి దిష్టి తీయడానికి కాబోలనుకుని ఓ పెద్దాయన కర్పూరం అడిగారు. చేమంతులు మాత్రం ఎవరికీ కొత్త అనిపించవు. ఆ నెలల్లో కడియపులంక పూల మార్కెట్టులో చేమంతులే, అమెరికా గుమ్మాల్లోనూ చేమంతి కుండీలే.

అసలు సంగతికి వస్తాను. బార్న్ పెళ్ళితో పాటు ఫస్ట్ లుక్ అనే ముచ్చట వచ్చింది. ముహూర్తానికి గంట రెండు గంటల ముందు పెళ్ళికొడుకును ఒక చెట్టు కింద అటు తిప్పి నిలబెడతారు. పెళ్ళికూతురు వెనక నుంచి వచ్చి భుజం తడుతుంది. అతను తిరిగి చూసి కళ్ళు తుడుచుకోవాలి. కన్నీళ్ళు రాకపోతే ఫొటోగ్రాఫరు ఇంకోసారి తిరగమంటాడు. ఎర్రాకుల కింద ఫొటోలు బావుంటాయి, కాదనను. అయితే మన పెళ్ళిలో చూపుకు వేళ ఉంది. అడ్డుతెరకు అటొకరు, ఇటొకరు. పురోహితుడు గడియారం చూస్తుంటాడు. ఆ ఊరి అక్షాంశ రేఖాంశాలకు లెక్కకట్టిన లగ్నం రాగానే గట్టిమేళం. తెర మీదుగా చేతులు చాచి జీలకర్ర బెల్లం ఒకరి నడినెత్తిన ఒకరు పెడతారు. తెర దిగుతుంది. అప్పుడు చూసుకుంటారు. ఎన్నేళ్ళ పరిచయమున్న జంటైనా సరే, ఆ క్షణాన ముఖాలు మారతాయి. రెండు గంటల ముందే చెట్టు కింద ఆ చూపు ఖర్చయిపోతే, తెర దిగాక మిగిలేది పరిచయస్తుల పలకరింపే. నాకు పని ఇచ్చేవాళ్ళకు మొదటి రోజే చెబుతున్నాను. ఫస్ట్ లుక్ తీయను, తెర తీస్తాను. ఆ మాటకు నన్ను వద్దనుకున్న జంటలున్నాయి. అది వాళ్ళ ఇష్టం.

మన ఆచారం తెలియని ఫొటోగ్రాఫర్లను పెట్టుకున్నప్పుడు ఇంకో నష్టం. మంగళసూత్రమే ముహూర్తమని వాళ్ళు అనుకుంటారు, ఉంగరాలు మార్చుకోవడం అలవాటైన కళ్ళు కదా. సుముహూర్తం జీలకర్ర బెల్లానిదని ఎవరూ చెప్పరు. ఆ క్షణానికి అతను లెన్సు మార్చుకుంటూ ఉంటాడు. తెర అంచుకు ఎదురుగా, కింద కూర్చుని, ముందే చోటు పట్టుకున్నవాడికి రెండు ముఖాలూ, నడుమ సన్నటి గుడ్డ అంచూ ఒకే ఫొటోలో దొరుకుతాయి. నిలబడి తీస్తే దొరకదు సరికదా, వెనకున్న చుట్టాలకు పెళ్ళికి బదులు కెమెరావాళ్ళ వీపులు కనబడతాయి. మన ఊళ్ళోనూ ఈ వీపుల గొడవ తక్కువేం కాదు.

పిట్స్‌బర్గ్ దగ్గర పెన్‌హిల్స్‌లో శ్రీ వేంకటేశ్వరస్వామి ఆలయం 1976లో వెలిసింది. ఆ తరం పెళ్ళిళ్ళ ఆల్బంలు కొన్ని నాకు బాగు చేయమని వచ్చాయి. రంగులు వెలిసిపోయాయి. ఫోకస్ కుదరనివి సగం, తీసింది ఎవరో బాబాయిగారు. కానీ ప్రతి ఫొటోలో మనుషులున్నారు. పులిహోర కలుపుతున్న దొడ్డమ్మ, మడత కుర్చీలు మోస్తున్న డాక్టరుగారు, మండపానికి కట్టిన తమ చీరలను చూసుకుంటున్న ఆడవాళ్ళు. ఇప్పుడు నేనిచ్చే ఆల్బంలో వేల ఫొటోలు. అందులో ముప్పాతిక ఆ ఇద్దరివే. పొలం గట్టున ఇద్దరు, కంచె దగ్గర ఇద్దరు, ట్రాక్టరు మీద ఇద్దరు. ఆ ట్రాక్టరు నడిపే రైతు ఫ్రేములో లేడు. పెళ్ళికూతురిని బుట్టలో తెచ్చిన మేనమామ నడుం పట్టుకుని పక్కకు తప్పుకునే ఫొటో నా దగ్గరుంది, ఆల్బంలోకి ఎంపిక కాలేదు.

విదేశంలో మన విలువలు అన్నప్పుడల్లా కట్టూబొట్టూ గురించి మాట్లాడతాం. అవి బాగానే ఉన్నాయి, ఉప్పాడ జమ్దానీ కట్టుకోని పెళ్ళి ఈమధ్య చూడలేదు. పలచబడుతున్నది పక్కవాడి చెయ్యి పడటం. పేరు రాసిన కుర్చీలో కూర్చుని, లెక్క ప్రకారం వచ్చిన పళ్ళెం తిని వెళ్ళిపోతే అతను అతిథి అవుతాడు, చుట్టం కాడు. కొన్ని కుటుంబాలు దీనికి మంచి ఉపాయం పట్టాయి. వంట కేటరింగువాళ్ళదే అయినా, ఒక్క బంతి మాత్రం అరటాకులు వేయించి, పెళ్ళికూతురి తండ్రి, బాబాయిలు పంచెలు ఎగ్గట్టి బూరెల మీద నెయ్యి తామే వడ్డిస్తారు. వద్దన్నా వింటారా, గోదావరి వాళ్ళాయె! ఆ పావుగంటలో దొరికినన్ని నవ్వులు డబ్బిచ్చి పెట్టించిన ఫొటోబూత్‌లో రాత్రంతా దొరకవు.

చివరగా, బార్న్ పెళ్ళికి మాత్రమే దక్కే భాగ్యం ఒకటుంది, దాన్ని దాదాపు అందరూ వదిలేసుకుంటున్నారు. మిట్టమధ్యాహ్నం పురోహితుడు అరుంధతిని చూడమని కప్పు వైపు వేలెత్తితే, దంపతులు దూలాలను చూసి కనబడిందని బుద్ధిగా తలూపుతారు. సప్తర్షి మండలంలో వశిష్ఠుణ్ణి ఆనుకుని మినుకుమనే చిన్న చుక్క అరుంధతి. ఖగోళ పుస్తకాల్లో ఈ జంట పేర్లు మైజార్, ఆల్కార్. నవంబరు నడుమ సాయంత్రం ఏడింటికి రాజమండ్రి గట్టు మీద నిలబడితే అరుంధతి కనబడదు, అప్పటికి సప్తర్షి మండలమంతా దిగంతం కిందే ఉంటుంది. రాత్రి రెండు దాటాక గానీ అరుంధతి ఈశాన్యాన పైకి రాదు. రాత్రి ముహూర్తాలవాళ్ళకు తెల్లవారుజామున నిజంగానే కనబడేది. పెన్సిల్వేనియా మనకంటే బాగా ఉత్తరాన ఉంది కాబట్టి, అక్కడ అదే సాయంత్రం ఉత్తరానికి కాస్త వాయవ్యంగా, నేలకు కొంచెం ఎత్తులో ఆ చుక్కలు ఉంటాయి. నగరం మధ్య హోటల్లో ఇది కుదరదు. ఊరి బయట, చీకటి పొలాల నడుమ, వెన్నెల లేని రాత్రి కుదురుతుంది. కెమెరాను స్టాండు మీద పెట్టి పది పదిహేను సెకన్లు తెరిచి ఉంచితే వేలు చూపిస్తున్న పెళ్ళికొడుకూ, వశిష్ఠుడూ, అరుంధతీ ఒకే ఫొటోలో వస్తారు. ఆవరణలో దీపాలు వెలుగుతుంటే మాత్రం రారు.

అందుకని ఈ శరత్తులో మీ ఇంట బార్న్ పెళ్ళి ఉంటే రెండు పనులు చేయండి. ఫొటోగ్రాఫరుతో మాట్లాడేముందు ఇంట్లో పెద్దావిడను కూర్చోబెట్టి, ఎవరెవరి ఫొటో తప్పక ఉండాలో ఆవిడ చేత చెప్పించి కాగితం మీద రాసి అతని చేతికివ్వండి. బార్న్ వాళ్ళతో ఒప్పందం రాసుకునేటప్పుడు, బాగా చీకటి పడ్డాక బయటి దీపాలన్నీ పావుగంట ఆర్పాలని అందులో ఒక వాక్యం చేర్పించండి. ఇంకా అద్దె కట్టకముందే అడగండి, కట్టాక ఒప్పుకోరు.