తిరిగొచ్చిన వేళ్లు



విజయవాడ వన్ టౌన్ సందుల్లో పొద్దున్నే పిల్లలు టెన్నిస్ బంతితో ఆడుతుంటారు. అక్కడ పరుగెత్తుకొచ్చి బంతి వేయడానికి చోటెక్కడిది? రెండడుగులు వేసి, వేళ్లతో తిప్పాల్సిందే. ఇరుకే వాళ్లకు స్పిన్ నేర్పుతుంది.

అలా వేళ్లతో బంతి తిప్పిన భారత ఎడమచేతి స్పిన్నర్, గోదావరి డెల్టాలోని ఆలమూరులో పుట్టిన వెంకటపతి రాజు కథ గుర్తుందా? 1990లో క్రైస్ట్‌చర్చ్‌లో తొలి టెస్టు. రోజు చివర్లో అసలు బ్యాటర్‌కు బదులు, నైట్ వాచ్‌మన్‌గా దిగి 31 పరుగులు చేశాడు. ఆ వేసవిలో ఇంగ్లండ్ పర్యటనకు వెళ్లాడు. గ్లౌసెస్టర్‌షైర్ కౌంటీతో మ్యాచ్‌లో కోర్ట్నీ వాల్ష్ బంతి తగిలి ఎడమ చేతి వేలి కణుపు విరిగింది. ఎడమచేతి స్పిన్నర్‌కు ఆ చెయ్యే కదా జీవనాధారం!

అయినా నవంబరుకల్లా చండీగఢ్‌లో శ్రీలంకపై బంతి పట్టాడు. 12 పరుగులకే 6 వికెట్లు! లంక 82కే ఆలౌట్. చివరికి 28 టెస్టుల్లో 93 వికెట్లతో నిలిచాడు.

దెబ్బ తగిలిన చోటే మన పనితనం ఉండొచ్చు. మానేదాకా ఓపిక పడదాం, మానాక మళ్లీ బంతి అందుకుందాం. చోటు ఇరుకైతేనేం, తిప్పే వేళ్లుంటే చాలు.