దూరం, దిక్కు, కాలం: వైశేషిక దృష్టిలో విమానయానం

దూరం వస్తువుల్లో ఉన్న ధర్మమా, లేక చూసేవాడి బుద్ధి కల్పించుకున్నదా అన్న ప్రశ్నను భారతీయ దర్శనాల్లో వైశేషికులు ఎంతో సూక్ష్మంగా విచారించారు. కణాదుడి సూత్రాలపై నిలిచిన ఈ దర్శనం అంగీకరించిన తొమ్మిది ద్రవ్యాల్లో దిక్కు, కాలం కూడా ఉన్నాయి. అవి ఒక్కొక్కటే, నిత్యాలు, సర్వవ్యాపకాలు. తూర్పు, పడమర అనీ, గడియ, దినం అనీ వాటిని విడదీసి చెప్పడం ఉపాధి వల్ల, అంటే సూర్యగతి వంటి బయటి నిమిత్తం వల్ల, ఏర్పడిన వ్యవహారమే గాని ఆ ద్రవ్యాల్లో చీలిక కాదు. దూరాన్ని 'పరత్వం' అనే గుణంగా లెక్కించి, దూరాన ఉన్నదానిలోని పరత్వం దిక్కు వల్ల కలిగినదనీ, వయసులో పెద్దవాడిలోని పరత్వం కాలం వల్ల కలిగినదనీ అన్నంభట్టు తర్కసంగ్రహంలో వేరుచేశాడు. ఆ గుణం పుట్టడానికి అపేక్షాబుద్ధి, అంటే ఒక అవధిని పెట్టుకుని పోల్చే జ్ఞానం, అవసరమని ఈ సంప్రదాయం చెబుతుంది.

'అమెరికా పదహారు గంటల దూరం' అనే నేటి వాడుకలో ఈ భేదం చెరిగిపోయింది గాని, విమానయానం ఆ రెంటినీ ఒకటిగా చూడనివ్వదు. ఢిల్లీ నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకు అట్లాంటిక్ మీదుగా సుమారు 13,900 కిలోమీటర్లు నడిచిన విమానాన్ని ఎయిర్ ఇండియా 2016 అక్టోబరులో పసిఫిక్ మీదుగా మళ్లించగా, దారి దాదాపు 15,300 కిలోమీటర్లకు పెరిగి, ప్రయాణం రెండు గంటల మేరకు తగ్గింది. పడమటి నుంచి వీచే జెట్ గాలులు తూర్పుకు పోయే విమానాన్ని వెనక నుంచి తోయడమే ఇందుకు కారణం.

దిక్కు సంగతి ఇంకా విచిత్రం. బెంగళూరు, శాన్ ఫ్రాన్సిస్కోల మధ్య భూగోళంపై అతిచిన్న మార్గం దాదాపు 14,000 కిలోమీటర్లు. ఆ మార్గాన పోవాలంటే ఏ ఊళ్లో బయలుదేరిన విమానమైనా ఇంచుమించు ఉత్తరానికే ముఖం పెట్టాలి. రెండు ఊళ్లు ఒకదానికొకటి ఉత్తరాన ఉన్నాయనడం విరోధంగా తోచినా, మేరువుకు దగ్గరి వైపే ఉత్తరమని తార్కికులు నిర్వచించారనీ, ఖగోళ సిద్ధాంతులు ఆ మేరువును ఉత్తరధ్రువం వద్ద నిలిపారనీ గుర్తిస్తే ఆ విరోధం తొలగిపోతుంది.

కాలానికీ ఇదే న్యాయం వర్తిస్తుంది. సూర్యచంద్రుల మధ్య కోణం పన్నెండేసి డిగ్రీలు పెరిగేందుకు పట్టే వ్యవధి తిథి. అది ముగిసే క్షణం లోకమంతటికీ ఒక్కటే, సూర్యోదయం మాత్రం ఊరూరికీ వేరు. చలికాలంలో ఒక తిథి హైదరాబాదులో మంగళవారం ఉదయం 8 గంటలకు ముగిస్తే, అదే క్షణాన శాన్ ఫ్రాన్సిస్కోలో సోమవారం సాయంత్రం 6:30 అవుతుంది. కనుక సూర్యోదయానికి ఉన్న తిథిని పాటించే పండుగ ఇక్కడ మంగళవారం, అక్కడ సోమవారం రావచ్చు. దీనివల్ల కాలం రెండు కాలేదు, ఉపాధి మాత్రమే మారింది.

తెలుగునాట సంకల్పంలో కర్త తాను శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నాడో, ఏ నదుల మధ్య ఉన్నాడో చెప్పుకోవడం కూడా అవధిని నిర్దేశించుకోవడమే. కాబట్టి విదేశంలో ఉన్న తెలుగువారు స్వగ్రామపు పంచాంగాన్ని గడియారం సవరించి వాడుకోవడం కంటే, తామున్న ఊరికి గణించిన పంచాంగాన్ని అనుసరించడమే శాస్త్రసమ్మతం.